మూటా ముల్లే, మూలపేటా

ప్రయాణానికి సామాను సర్దడంలో మా ఇంట్లో రెండు మతాలున్నాయి. "ఎందుకైనా మంచిది, పడేయండి" అనేది మా ఆవిడ మతం. "ఎందుకొచ్చిన బరువు, తీసెయ్యి" అనేది నా మతం. ముప్ఫయి అయిదేళ్ళ కాపరంలో ఈ వాదంలో నేను నెగ్గిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. అటువంటి నేను, రిటైరయిన మరుసటి ఏడు, మండు వేసవిలో, 14 కిలోల సంచీ నా వీపున నేనే కట్టుకుని నౌపడా స్టేషన్లో దిగానంటే దానికో కారణం ఉంది. ఆ కథ మా ఆవిడ నలుగురిలో చెప్పకముందే నేను చెప్పుకోవడం మర్యాద.

మా స్వగ్రామం మూలపేట. నెల్లూరు మూలపేట కాదు. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోది. ఒక పక్క బంగాళాఖాతం, ఒక పక్క ఉప్పు మడులు, నడుమ ఇసుక దిబ్బలూ, సరుగుడు తోటలూ. మొన్నమొన్నటిదాకా ఆ పేరు చెబితే "అదెక్కడ?" అనేవారు. 2023 ఏప్రిల్ 19న అక్కడ రేవుకు శంకుస్థాపన జరిగింది. అంతకుముందు భావనపాడు రేవు అని పిలిచినదానికే మూలపేట రేవని పేరు వచ్చింది. అప్పటినుంచి మా ఊరి పేరు పత్రికలకెక్కింది.

ఉగాది వెళ్ళిన వారానికి మా అప్ప ఫోను చేసింది. ఆవిడ ఇంకా ఆ ఊళ్ళోనే, కొడుకు దగ్గర ఉంటోంది.

"ఒరే తమ్ముడా, వచ్చే సంకురాత్రి ఎల్లగానే ఇల్లు పడగొట్టేస్తారట్రా. నీ మేనల్లుడు డాబా ఏస్తాడట. ఏసుకోనీ, ఒద్దన్ను. గాని నాన్న కట్టిన ఇల్లు. ఒక్క పోటో తీసిపెట్టు. తరవాత సూద్దామన్నా కనపడదు గదా."

మా నాన్న ఉప్పు కొఠారులో గుమాస్తా. ఆయన ఫొటో మా దగ్గర ఒక్కటే ఉంది, టెక్కలి స్టూడియోలో తీసింది. ఆయన వెనకాల తోటా, నెమలీ ఉన్న గుడ్డతెర. ఆయన కట్టిన ఇంటికి మాత్రం ఒక్క ఫొటో లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరీ, జీడీ తోటల్ని నేలమట్టం చేసినప్పుడు మా ఇంటి పెంకులు సగం ఎగిరిపోయాయి గాని గోడలు బీట కూడా వారలేదు. తుపాను చెయ్యలేని పని మా మేనల్లుడు చేస్తానంటున్నాడు. తప్పు పట్టడానికి లేదు. వాడికీ ఇద్దరు పిల్లలు, కురిసే కొంపలో ఎన్నాళ్ళుంటాడు?

సరే, ఫొటో తియ్యాలి. దానికి కెమేరా కావాలి.

అంగట్లో అవధానం

విశాఖపట్నంలో ఒక పెద్ద దుకాణానికి మా మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్ళాను. దానికి పన్నెండేళ్ళు. నాకు తెలియనివన్నీ దానికి తెలుసు.

"ఏం తీస్తారు సార్?" అన్నాడు కుర్రవాడు.

ఇల్లు అని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. కాని ఒక ఇంటికోసం కెమేరా కొంటున్నానని చెప్పడానికి నామోషీ అనిపించింది. "పక్షులు" అన్నాను గొప్పగా. మా ఊరికి దగ్గరలోనే తేలినీలాపురం ఉంది కదా!

అంతే. పక్షులంటే ఇది ఉండాలన్నాడు, అదుంటే ఇది లేకపోతే లాభంలేదన్నాడు. దూరాన్ని దగ్గరగా చూపే 600 మిల్లీమీటర్ల లెన్సు, అదొక్కటే 2 కిలోలు. దాన్ని మొయ్యడానికి మూడుకాళ్ళ స్టాండు, అదింకో 2 కిలోలు. కొండలెక్కేవాళ్ళు వేసుకునే మడమలు దాటిన తోలు బూట్లు. నల్లటి పెద్ద వీపుసంచీ. నేను తలూపుతూ పోయాను. కెమేరాతో పాటు ఇచ్చిన చిన్న లెన్సును మాత్రం "ఎందుకొచ్చిన బరువు" అని ఇంట్లో వదిలేశాను. నా మతాన్ని నేను పాటించింది ఆ ఒక్క విషయంలోనే. కథంతా అక్కడే ఉందని తరవాత తెలిసింది.

గట్టుమీద గ్రహచారం

ఏప్రిలాఖరున నౌపడాలో దిగాం. ఈ నౌపడా మామూలు స్టేషన్ కాదు. 1900లో పర్లాకిమిడి రాజావారి రైలు ఇక్కడినుంచే రెండున్నర అడుగుల పట్టాలమీద పర్లాకిమిడికి బయలుదేరింది. ఇప్పుడు అదీ పెద్ద పట్టాల లైనే. ఆ సంగతులన్నీ మనవరాలికి చెబుతూ, ఆటోలో కొంతదూరం వెళ్ళి, "ఇక్కడినుంచి ఉప్పు మడుల గట్లమీద నడిచి పోదాం, మా నాన్న రోజూ నడిచిన దారి" అని దిగిపోయాను. పొద్దు పదిగంటలు దాటింది. ఇద్దరికీ కలిపి 2 లీటర్ల నీళ్ళు.

ఉప్పు మడులు చూడనివారికి ఒక మాట. సముద్రం పోటుకు వాగులోకి వచ్చే ఉప్పునీటిని తోడి మడులకు పెడతారు. ఒక మడినుంచి ఇంకో మడికి మారుస్తూ ఎండబెడితే నీరు చిక్కబడి, చివరి మడిలో ఉప్పు గడ్డకడుతుంది. దాన్ని చెక్కపారలతో లాగి గట్టుమీద కుప్ప పోస్తారు. ఎండ ఎంత కాస్తే పంట అంత. అంటే, మనిషి నీడ వెతుక్కునే నెలలే వాళ్ళకు కోతల నెలలు. అక్కడ చెట్టు ఉండదు. కిందినుంచి తెలుపు, పైనుంచి తెలుపు.

అరగంటలో నా కొత్త బూట్లు మడమలు కోసేశాయి. సంచీ పట్టీలు భుజాలు దిగలాగాయి. ఇసుకగాలిలో లెన్సు తిప్పితే కరకరమని చప్పుడు. ఇంకో అరగంటకు నీళ్ళయిపోయాయి. మనవరాలు మాట్లాడటం మానేసింది. రోజంతా మాట్లాడే పిల్ల మాట్లాడటం మానేస్తే గుర్తించవద్దూ? నేను ఫొటోల ధ్యాసలో గుర్తించలేదు. వెనక్కి తిరిగి చూసేసరికి పిల్ల గట్టుమీద కూలబడి ఉంది. మొహం పాలిపోయింది, ఒళ్ళంతా చెమట, వాంతి వచ్చేలా ఉందంది.

ఆ క్షణం నా వీపుమీద 14 కిలోల సామాను ఉంది. అందులో పిల్లకు పనికొచ్చేది ఒక్కటంటే ఒక్కటి లేదు.

దూరంగా తాటాకు పాకలోంచి ఒక పెద్దావిడ చూసి పరుగెత్తుకొచ్చింది. నన్నొక మాట అనకుండానే పిల్లను ఎత్తుకుని నీడలో పడుకోబెట్టింది. తలగుడ్డ తడిపి మెడకూ చంకలకూ అద్దింది. కాసేపటికి పిల్ల తేరుకున్నాక సత్తు గిన్నెలో చోడి అంబలి, ఉప్పుగల్లు వేసి, గుక్కెడు గుక్కెడుగా తాగించింది. అప్పుడు తిరిగింది నావైపు.

"ఏటి బావూ, ఈ ఎండలో సంటిపిల్లనిలాగ తీసుకొచ్చీసినావు? మేం తెల్లారగట్ల దిగి పొద్దెక్కేసరికి గట్టెక్కిపోతాం. ఇదేటి ఈ బూట్లేటి, ఈ మూటేటి? పెళ్ళికెల్తన్నావా?"

ఆవిడ సామాను చూశాను. తలకు తువ్వాలు. తడిగుడ్డ చుట్టిన నీళ్ళ సీసా. గుడ్డలో తడి ఆరేకొద్దీ లోపలి నీరు చల్లబడుతుంది. అంబలి గిన్నె. అంతే. ఆ ఎండకు అంతకన్నా మంచి సరంజామా ఏ దుకాణంలోనూ దొరకదని అప్పటికి నాకు బాగా బోధపడింది.

గడియ మాత్రమే పడింది

సాయంత్రానికి అప్ప ఇంటికి చేరాం. అప్ప మమ్మల్ని చూసిన సంతోషంలో పట్టుచీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. పక్కన నాన్న కూచునే అరుగు, పైన ఇంటిపేరు చెక్కించిన ద్వారబంధం. నేను కెమేరా ఎత్తాను.

లెన్సులో అప్ప ముక్కుపుడక కనపడింది.

వెనక్కి జరిగాను. తలుపు గడియ కనపడింది. ఇంకా వెనక్కి జరిగితే ఎదురింటివారి గోడ. అసలు సంగతి ఏమిటంటే, ఆ లెన్సు దూరాన్ని దగ్గర చెయ్యడానికి పుట్టింది. మా ఇరుకు వీధిలో ఎక్కడ నిలబడ్డా దానికి ఇల్లు పట్టదు. ఒక పెంకు పడుతుంది, ఒక గడియ పడుతుంది. ఇల్లు పట్టే చిన్న లెన్సు విశాఖపట్నంలో బీరువాలో ఉంది. మనవరాలి ఫోనుతో తీద్దామంటే అది దారిలోనే నిద్రపోయింది, ఇంట్లో ఆవేళ కరెంటు లేదు. మర్నాడు పిల్లకు నలతగా ఉంది, తెల్లవారుజామునే బయలుదేరి వచ్చేశాం.

ఇంటికొచ్చి చూస్తే, ఉప్పు కుప్పల ఫొటోలన్నీ బూడిద కుప్పల్లా ఉన్నాయి. అప్పకు పంపిన ఒకే ఒక్క ఫొటో చూసి ఆవిడ ఫోను చేసింది. "గడియ బాగుందిరా. మరి ఇల్లు కనపడ్నేదేటి తమ్ముడా?"

మూడు కుప్పల సూత్రం

మా పెద్దవాడు అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. శీతాకాలంలో శెలవు దొరికితే మంచుకొండలెక్కి, చెక్కలు కట్టుకుని జారుతుంటాడు. మనకు కాశ్మీరులో గుల్మార్గ్, ఉత్తరాఖండ్‌లో ఔలీ ఉన్నాయే, అటువంటి ఆట. కాకపోతే వాడు రోప్‌వే లేని చోట్లకు, తన కాళ్ళతోనే ఎక్కి వెళ్ళే రకం. జారుడు చెక్కల అడుగున ఒకవైపుకే వాలిన నూగు ఉన్న పట్టీలు అంటించుకుంటారట. ముందుకు అడుగువేస్తే నూగు జారుతుంది, వెనక్కి జారబోతే మంచును పట్టుకుంటుంది. పూర్వం ఇందుకు సీలు జంతువు తోలు వాడేవారు. కొండమీదికి వెళ్ళాక పట్టీలు పీకి సంచీలో పెట్టుకుని కిందికి జారడమే.

నా కథ విని వాడు నవ్వలేదు. "నాన్నా, మేం బయలుదేరేముందు సామానంతా నేలమీద మూడు కుప్పలు పోస్తాం" అన్నాడు. "ఏది లేకపోతే ప్రాణం పోతుంది, అది మొదటి కుప్ప. ఏది లేకపోతే వెళ్ళిన పని చెడుతుంది, అది రెండోది. ఏది లేకపోతే సరదా తగ్గుతుంది, అది మూడోది. మొదటి కుప్పలో ఒక్కటి తక్కువైనా ప్రయాణం మానేస్తాం. బరువెక్కువైతే మూడో కుప్పలోంచే తీస్తాం."

వాళ్ళ మొదటి కుప్పలో మూడు వస్తువులు తప్పనిసరి. మంచుచరియ కింద ఎవరైనా కూరుకుపోతే జాడ చెప్పే చిన్న రేడియో యంత్రం, పొడిచి చూసే పొడుగాటి కడ్డీ, తవ్వడానికి పార. ప్రతి మనిషి దగ్గరా మూడూ ఉండాలి. కూరుకుపోయినవాణ్ణి బతికించేది నిమిషాల లెక్క గనక, పక్కవాడి పారకోసం ఎదురుచూసే వ్యవధి ఉండదు.

ఈ సూత్రాన్ని నేను మూలపేటకు అన్వయించుకున్నాను. నా మొదటి ప్రయాణంలో నేను మోసిందంతా మూడో కుప్ప. మొదటి కుప్ప పాకలోని పెద్దావిడ దగ్గర ఉంది. రెండో కుప్ప బీరువాలో ఉంది!

మీరూ ఎప్పుడైనా పిల్లలతో కొండకో, కోనకో, సముద్రపు ఒడ్డుకో బయలుదేరవచ్చు. నేను ఎనిమిది నెలలపాటు అడిగీ, చదివీ, దెబ్బతినీ నేర్చుకున్నది క్లుప్తంగా చెబుతాను.

నీళ్ళు ముందు

ఎండలో నడిచే మనిషికి గంటకు సుమారు అరలీటరు నీళ్ళు కావాలి. వేడినిబట్టి ఇంకా ఎక్కువ కూడా. దాహం వేసేదాకా ఆగకూడదు. చెమటతో ఉప్పూ పోతుంది గనక వట్టి నీళ్ళు చాలవు. లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు, అన్నీ చిన్న చెంచాతో అంచుకు సమంగా కొలిచి కలుపుకోవచ్చు. లేదా మందులషాపులో ఓఆర్ఎస్ పొట్లాలు రెండు సంచీలో పడేసుకోండి, ఈకంత బరువు. తల తిరగడం, వాంతి, పాలిపోవడం కనిపిస్తే నడక ఆపి నీడకు చేర్చాలి. చెమట ఆగిపోయి ఒళ్ళు కాలిపోతూ మనిషి తికమకగా మాట్లాడితే అది వడదెబ్బ. ఒళ్ళు చల్లబరుస్తూనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

ఉద్దానంలో మరో సంగతి కూడా ఉంది. అక్కడ మూత్రపిండాల జబ్బు ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. కారణం ఇదీ అని వైద్యులు ఇంకా ఖాయంగా తేల్చలేదు. హిరమండలం రిజర్వాయరునుంచి ఊళ్ళకు మంచినీళ్ళ పథకమూ, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రమూ, ఆస్పత్రీ 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. నీటి విలువ ఆ ఊళ్ళవారికి ఎవరూ నేర్పనక్కరలేదు. మనమే, సీసా బరువని వదిలేసి వెళ్ళేవాళ్ళం, నేర్చుకోవాలి.

కాలికి తగ్గ చెప్పు

బూట్లు సాయంత్రంపూట కొనండి. పగలంతా తిరిగాక పాదాలు కొంచెం పొంగి ఉంటాయి. నడిచేటప్పుడు వేసుకునే మేజోళ్ళే తొడుక్కుని కొలత చూసుకోవాలి. వేళ్ళముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి, లేకపోతే దిగుడులో గోళ్ళు నల్లబడతాయి. కొన్న బూట్లను రెండువారాలు ఇంటిచుట్టూ నడిచి మచ్చిక చేసుకోనిదే ప్రయాణానికి తీసుకుపోకూడదు. మడమలు దాటిన బూట్లు రాళ్ళదారిలో, బరువు మోసేవాడికి మంచివే. మంచినేల మీద గాలాడే తేలిక బూట్లు చాలు. ఉప్పు బురదకైతే వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు, కడిగితే పోతుంది.

సంచీ నడుముమీద నిలవాలి

సంచీని మనిషి ఎత్తునుబట్టి గాక వీపు పొడుగునుబట్టి ఎంచుకోవాలి. మెడ కింద పొడుచుకొచ్చే ఎముకనుంచి తుంటి ఎముక పైఅంచు దాకా టేపుతో కొలవండి. మంచి సంచీకి వెడల్పాటి నడుంపట్టీ ఉంటుంది. బరువులో ఎక్కువభాగం తుంటిమీదే ఆనాలి. భుజం పట్టీలు సంచీ వెనక్కి వాలకుండా పట్టుకోవడానికే. బరువైన వస్తువులు వీపుకు ఆనేలా, మధ్యలో సర్దాలి. అడుగున మెత్తనివి, పైన చేతికందేవి. మొత్తం బరువు మీ బరువులో అయిదోవంతు దాటితే మూడో కుప్ప ముందు మళ్ళీ కూచోండి. పిల్లల సంచీ అంతకన్నా బాగా తేలిగ్గా ఉండాలి.

మంచైనా ఉప్పైనా ఒకటే

నా ఉప్పు కుప్పలు బూడిద కుప్పలెందుకయ్యాయి? ఈ రహస్యం కూడా మావాడే విప్పాడు. మంచులో ఫొటోలు తీసేవాళ్ళందరికీ తెలిసిందేనట. కెమేరాలోని కొలత యంత్రం, ఎదుట ఉన్నది ఏదైనా సరే, మొత్తానికి మధ్యరకం బూడిదరంగే అనుకుంటుంది. తెల్లటి మంచును చూపిస్తే "అబ్బో, వెలుతురు ఎక్కువైంది" అని తగ్గించేస్తుంది. పాపం దానికి తెలుపంటే తెలియదు. అంచేత ఉప్పుదగ్గరా, మంచుదగ్గరా, ఎండలో ఇసుకదగ్గరా మనమే ఒక మెట్టునుంచి ఒకటిన్నర మెట్లదాకా వెలుతురు పెంచాలి. కెమేరామీద కూడికా తీసివేతా గుర్తులున్న మీట ఉండేది అందుకే.

కంటికీ ఇదే గొడవ. కొత్త మంచు, సూర్యుడి అతినీలలోహిత కిరణాల్లో నూటికి 80 వంతులదాకా పైకి తిప్పికొడుతుంది. పొడి ఇసుక 15 వంతులు, సముద్రపు నురుగు 25 వంతులు. టోపీ పైనుంచి వచ్చేదాన్ని ఆపుతుంది గాని కిందినుంచి వచ్చేదాన్ని ఆపలేదు. అందుకే మంచుమీదివాళ్ళు కళ్ళను పూర్తిగా మూసే అద్దాలు పెట్టుకుంటారు. మన తీరానికి ఆ కిరణాలను ఆపుతాయని రాసి ఉన్న చలువ అద్దాలు చాలు. వట్టి రంగుటద్దాలు మాత్రం వద్దు. చీకటికి కంటిపాప విప్పారి, లోపలికి మరింత హాని దూరుతుంది.

ఇక ఉప్పుగాలి. అది ఇనుమునే తింటుంది, కెమేరా ఒక లెక్కా? ఒడ్డున లెన్సు మార్చకండి. మార్చక తప్పకపోతే గాలికి వీపు పెట్టి, కెమేరా నోరు కిందికి వంచి మార్చండి. ఇంటికి రాగానే మంచినీటిలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో పైన తుడవాలి. ఇసుక రేణువుల్ని ముందు రబ్బరు బుడ్డితో ఊదాలి. ముందే తుడిస్తే అద్దం గీతలు పడుతుంది. మన తీరం తేమకు లెన్సు లోపల బూజు పట్టడం మామూలు. మూత బిగువైన ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టుకోండి. అందులో నీలంరంగు గింజలు తేమ పీల్చి గులాబిరంగుకు తిరిగితే పెనంమీద సన్నసెగన వేడిచేస్తే మళ్ళీ పనికొస్తాయి. ఆ పెనం మాత్రం వంటకు వాడేది కాకూడదు. ఈ విషయంలో మా ఆవిడ తీర్పు ఇప్పటికే వెలువడింది.

బరువు మొయ్యడం ఫొటోగ్రాఫర్లకు కొత్తకాదు. శామ్యూల్ బోర్న్ అనే ఇంగ్లీషాయన 1866లో హిమాలయాల్లో 18 వేల అడుగులకు పైనున్న మనిరంగ్ కనుమ దగ్గర గాజుపలకల మీద ఫొటోలు తీశాడు. కెమేరా, పలకలు, రసాయనాలు, చీకటి గుడారం అన్నీ కూలీల వీపులమీద నడిచాయి. మన వీపు ఒక్కటే గనక మనం ఎంచుకోవాలి. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు మన నిజామాబాదు జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణకు పధ్నాలుగేళ్ళు నిండలేదు. అంత ఎత్తుకు పోయేవారు ప్రతి వస్తువునూ తూచి, అవసరం చూసే తీసుకుంటారు.

ఉలవల దిండు

సంక్రాంతి కనుమ మర్నాడు మళ్ళీ బయలుదేరాం. ఈసారి సంచీ 6 కిలోలు. అందులో సగం నీళ్ళు. మడమలకు పాత బూట్లు. చిన్న లెన్సూ, ఒక మోస్తరు దూరపు లెన్సూ. స్టాండు మానేశాను, దాని బదులు మా ఆవిడ ఒక పాత దిండుగలీబులో రెండు కిలోల ఉలవలు పోసి కుట్టి ఇచ్చింది. గోడమీదో, కిటికీమీదో దాన్ని పరిచి లెన్సు ఆనిస్తే కదిలితే ఒట్టు. బరువనుకుంటే ఖాళీ గలీబు తీసుకెళ్ళి ఆ ఊళ్ళోనే నింపుకోవచ్చు. "ఎందుకైనా మంచిది" అన్నది. మొదటిసారి ఆ మతానికి దణ్ణం పెట్టాను.

పొద్దున్నే తేలినీలాపురం వెళ్ళాం. ఊళ్ళో చెట్లమీద గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ కాపరాలు పెట్టి ఉన్నాయి. సైబీరియానుంచి వస్తాయని అందరూ చెప్పుకుంటారు గాని, ఈ రెండు జాతులూ మన దేశంలోనూ, ఇరుగుపొరుగు దేశాల్లోనూ పుట్టి పెరిగేవే. వానలు వెళ్ళేవేళకు వచ్చి, నౌపడా చిత్తడినేలల్లో చేపలు పట్టి, ఇక్కడ పిల్లల్ని పెంచుకుని వేసవికి వెళతాయి. అవి రాని ఏడు ఊరికి మంచిది కాదని అక్కడివాళ్ళ నమ్మకం. అందుకే పెరట్లో రెట్ట పడ్డా కసురుకోరు. గూళ్ళదగ్గర మనం చెయ్యవలసింది కూడా అంతే: దగ్గరికి పోకూడదు, చప్పుడు చెయ్యకూడదు, ఎగిరితే బాగుంటుందని చప్పట్లు కొట్టకూడదు. తల్లి లేచిపోతే గుడ్డు ఎండకు మాడుతుంది, పిల్ల కాకులపాలవుతుంది.

మనవరాలే ఉలవల దిండుమీద కెమేరా ఆనించి, తల్లి గొంతులోకి మూతి దూర్చి మేత తీసుకుంటున్న గూడబాతు పిల్లను తీసింది. ఎగిరే పక్షి చెదరకుండా రావాలంటే క్షణంలో వెయ్యోవంతు వేగం పెట్టాలని నాకు చెప్పింది కూడా అదే.

దారిలో ఉప్పు మడుల దగ్గర ఆగాం. కొత్త పంటకు మడులు తొక్కుతున్నారు. పాకలో పెద్దావిడ కనపడితే మనవరాలు మా ఆవిడ పంపిన అరిసెల డబ్బా చేతికిచ్చింది. ఆవిడ నా కాళ్ళకేసి చూసి, "ఇప్పుడు మనిసి లాగున్నావు బావూ" అన్నది.

ఇల్లు

సాయంత్రం ఎండ పల్చబడ్డాక వీధిలో నిలబడి తీశాను. చిన్న లెన్సులో ఇల్లంతా పట్టింది. నాన్న అరుగు, ద్వారబంధం, తిత్లీకి ఎగిరిపోయి మళ్ళీ వేయించిన కొత్త పెంకులు ఒక రంగు, పాతవి ఒక రంగు. అప్ప పట్టుచీర కట్టుకోలేదు. నేతచీరలోనే, ఎప్పటిలా అరుగుమీద కూచుంది. మేనల్లుడు, వాడి భార్య, పిల్లలు వచ్చి చుట్టూ చేరారు. వాడు ఆ పూట మాటాడలేదు. కాసేపటికి తనే లోపలికి వెళ్ళి తాతగారు వాడిన ఉప్పు కొఠారు లాంతరు తెచ్చి అప్ప పక్కన పెట్టాడు.

మాఘమాసంలో ఇల్లు పడింది. డాబా ఇప్పుడు కిటికీల ఎత్తుకు లేచింది. ద్వారబంధం మాత్రం దాచిపెట్టాడు; కొత్త గుమ్మానికి అదే పెడతాడట. అద్దం కట్టించి పంపిన ఫొటోను అప్ప ప్రస్తుతం ఉంటున్న అద్దె పోర్షనులో దేవుడి పటాల పక్కన తగిలించింది. మొదటిసారి తీసిన గడియ ఫొటో కూడా పారెయ్యలేదు. దాన్ని చిన్నదిగా చేయించి కళ్ళజోడు డబ్బాలో పెట్టుకుంది.

"ఇల్లు దూరాన్నించి సూస్తే అది, తలుపు తీసేటప్పుడు సూస్తే ఇది. రెండూ గావాల తమ్ముడా" అన్నది.

వచ్చే చలికాలం మనవరాలు మహేంద్రగిరి ఎక్కుదామంటోంది. సముద్రమట్టానికి 1,501 మీటర్లు; పలాస, మందస పక్కల పొలాల్లో నిలబడితే ఆకాశానికి ఆనుకుని కనిపించే కొండ అదే. నేలమీద మూడు కుప్పలు అప్పుడే పోయడం మొదలెట్టాం. మా ఆవిడ వచ్చి చూసి, మొదటి కుప్పలో ఇంకో నీళ్ళ సీసా పెట్టి వెళ్ళింది. నేను తియ్యలేదు.